తళుకుల స్లైమ్: ఒక్క వాక్యానికి టీక

వేసవి సెలవుల్లో ఇంట్లో నలుగురు పిల్లలు చేరారంటే రెండో రోజుకల్లా ఎవరో ఒకరు "స్లైమ్ చేద్దామా?" అంటారు. ఫోన్లో చూసిన వీడియోలో అది అరనిమిషంలో అయిపోతుంది. ఇంట్లో చేస్తే ఒకసారి గట్టిపడి పుటుక్కున తెగుతుంది, ఇంకోసారి వేళ్లకు అంటుకుని వదలదు. చేసే పద్ధతి నిజానికి ఒక్క వాక్యం. అన్నీ తెలిసిన మాటలే కాబట్టి ఏ మాట దగ్గరా ఎవరూ ఆగరు. ఆగితే, స్లైమ్ ఎక్కడ చెడుతుందో అక్కడే కనబడుతుంది.

మూలవాక్యం ఇది:

"తేటగా కనబడే పీవీఏ జిగురు అరకప్పు తీసుకుని, అరకప్పు నీళ్లు పోసి, తళుకుపొడి కలిపి, వెలిగారపు నీళ్లను చెంచా చెంచాగా వేస్తూ, గిన్నె అంచు విడిచేదాకా తిప్పి, చేతుల్లోకి తీసుకుని పిసికి, మూత పెట్టి దాచుకోవాలి."

ఇక పదం పదం చూద్దాం.

తేటగా కనబడే

వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్‌తోనూ స్లైమ్ అవుతుంది. బాగానే సాగుతుంది, నొక్కితే చప్పుడూ చేస్తుంది. తళుకులు మాత్రం కనబడవు. ఆ జిగురులో తెల్లరంగేమీ కలపరు. పాలీవినైల్ అసిటేట్ అనే పదార్థం కంటికి ఆననంత చిన్న బొట్లుగా నీళ్లలో చెదిరి ఉంటుంది. ఆ బొట్లు తమ మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి, అందుకే అది తెల్లగా ఉంటుంది. నల్ల కాగితం మీద కొంచెం పూసి ఆరనిచ్చి పిల్లలకు చూపించండి. నీళ్లు ఆరిపోతే బొట్లన్నీ కలిసి ఒకే పొర అవుతాయి, వెలుగు చెదరదు, తెలుపు పోయి కింద కాగితం కనబడుతుంది.

అందుకని తెల్ల జిగురులో ఎంత మెరుపు పోసినా పైపొరలో ఉన్నదే కంటికి అందుతుంది, లోపలిది వృథా. తేట జిగురైతే అడుగున ఉన్న తునక కూడా మెరుస్తుంది.

పీవీఏ జిగురు

పీవీఏ అంటే ఒకే చిన్న ముక్క వేల సార్లు వరసగా కలిసిన పొడవాటి గొలుసు అణువు. ఇందులో రెండు దగ్గరి చుట్టాలున్నాయి. పాలీవినైల్ అసిటేట్‌ను 1912లో జర్మన్ రసాయనవేత్త ఫ్రిట్జ్ క్లాట్ తయారుచేశాడు. దాని నుంచి నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్‌ను 1924లో జర్మనీలోనే హెర్మాన్, హేనెల్ అనే ఇద్దరు రాబట్టారు. తెల్ల జిగురులో మొదటిది ఎక్కువ, తేట జిగురులో రెండోది. స్లైమ్‌కు పనికొచ్చే గుణం రెండోదానిది. ఆ గొలుసు పొడుగునా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు కొక్కేల్లాగా బయటికి పొడుచుకుని ఉంటాయి. వెలిగారం పట్టుకునేది వాటినే.

కొనేటప్పుడు సీసా మీద పీవీఏ అనో పాలీవినైల్ అనో రాసి ఉందేమో చూడండి. చూడటానికి తేటగా ఉన్న ప్రతి గమ్మూ ఇదే కాదు. క్షణంలో అతుక్కునే సూపర్‌గ్లూ పూర్తిగా వేరే జాతి, దాన్ని ఈ ఆట దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

స్లైమ్ అనే పేరుతో కొట్లోకి వచ్చి పేరుతెచ్చుకున్న బొమ్మలో పీవీఏ లేనేలేదు. 1976లో అమెరికాలో మాటెల్ కంపెనీ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ చెత్తబుట్టలో పెట్టి అమ్మిన ఆకుపచ్చ ముద్దను గ్వార్ గమ్‌తోనూ వెలిగారంతోనూ చేశారు. ఆ గ్వార్ మన గోరుచిక్కుడే. దాని గింజల్లో ఉండే జిగట పిండికి కూడా అటువంటి కొక్కేలే ఉంటాయి. ప్రపంచంలో గోరుచిక్కుడు అందరికంటే ఎక్కువ పండించేది మన దేశం, అందులో సింహభాగం రాజస్థాన్‌ది. ఐస్‌క్రీముకు చిక్కదనం ఇచ్చేదీ, చమురు బావుల్లోకి పంపే ద్రవాన్ని చిక్కబరిచేదీ ఆ గింజల పొడే.

అరకప్పు, నీళ్లు

అరకప్పు అంటే సుమారు 120 మిల్లీలీటర్లు. జిగురుకీ నీళ్లకీ ఒకే కొలత గ్లాసు వాడితే చాలు. నీళ్లు తగ్గిస్తే గొలుసులు కదలటానికి చోటుండదు, ముద్ద బిరుసెక్కుతుంది. ఎక్కువైతే కారిపోతుంది. గోరువెచ్చని నీళ్లయితే జిగురు ఉండలు కట్టకుండా కలుస్తుంది.

తళుకుపొడి

ఫ్యాన్సీ షాపులో గ్లిట్టర్ అని అడిగితే ఇచ్చే పొడి చాలావరకు ప్లాస్టిక్కే. నీళ్ల సీసాలు చేసే పాలియెస్టర్‌నే పలచటి పొరగా తీసి, దానిమీద అల్యూమినియం పూతపూసి, రంగు వేసి, ముక్కలుగా కోస్తారు. భూతద్దం కింద పెడితే చాలా తునకలు ఆరు పలకలుగా కనబడతాయి. ఆరు పలకలైతే ఒకదాన్నొకటి ఆనుకుని కుదురుతాయి, కోతలో పొర వృథా కాదు.

జిగురులో వెలిగారం పడకముందే తళుకు కలపాలి. ముద్ద అయ్యాక చల్లితే పైనే అంటుకుని, ఆడుతున్నంతసేపూ చేతులకూ చొక్కాలకూ రాలుతుంది. ఉత్త నీళ్లలో వేస్తే ఈ తునకలు మెల్లగా అడుగుకు దిగుతాయి. స్లైమ్‌లో దిగలేవు, వాటిని కిందికి లాగే బరువు ఆ చిక్కదనం ముందు చాలదు. అరకప్పు జిగురుకు ఒక టీచెంచా పొడి సరిపోతుంది. మరీ ఎక్కువైతే ముద్ద గరుకెక్కి, సాగదీసినప్పుడు తునక ఉన్నచోటే తెగుతుంది.

స్లైమ్‌ను రెండు చేతులతో పట్టుకుని పొడుగ్గా లాగినప్పుడు దగ్గరగా చూడండి. ముద్దగా ఉన్నప్పుడు తునకలన్నీ తలో దిక్కుకు తిరిగి ఉంటాయి, అక్కడొకటి ఇక్కడొకటి మిణుక్కుమంటాయి. లాగేకొద్దీ అవి లాగిన దిక్కుకు వాలి, ఒకే వరసలో చదునుగా పడుకుంటాయి. అప్పుడు మిణుకులు పోయి, పొడుగునా ఒకే మెరుపు పారుతుంది. వేలితో మడిస్తే ఆ వరస చెదిరి మళ్లీ మిణుకులొస్తాయి. లోపల ఏం జరుగుతోందో పైకి చెప్పే పని తళుకుది. పిల్లలు మొదట గమనించేదీ అదే.

గ్లిట్టర్‌తో ఒక పేచీ ఉంది. 5 మిల్లీమీటర్లకన్నా చిన్నవైన ప్లాస్టిక్ తునకలను మైక్రోప్లాస్టిక్ అంటారు, ఇది అంతకన్నా ఎంతో చిన్నది. సింకులో కడిగితే కాలువలోకి, అక్కణ్నుంచి చెరువులోకి పోతుంది. యూరప్ దేశాల కూటమి 2023 అక్టోబరు 17 నుంచి ఇలాంటి విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని కట్టడిచేసింది.

ప్లాస్టిక్ వద్దనుకుంటే అభ్రకపు పొడి ఉంది. మన నెల్లూరు సీమలో గూడూరు చుట్టుపక్కల గనుల్లో తీసిన అభ్రకం విద్యుత్ పరికరాల కోసం విదేశాలకు వెళ్లేది. పొరలు పొరలుగా ఊడొచ్చే ఆ కాకిబంగారాన్నే మెత్తగా నూరి, టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యపు మెరుపు వస్తుంది. గ్లిట్టర్‌లా మిణుకుమనదు, మొత్తం ముద్దకు పట్టు నిగారింపు ఇస్తుంది. అభ్రకానికీ ఒక చరిత్ర ఉంది. జార్ఖండ్, బీహారుల్లో పాడుబడ్డ గనుల దగ్గర పిల్లలు అభ్రకపు ముక్కలు ఏరే సంగతి ఎన్నోసార్లు బయటపడింది. మన పిల్లల ఆటకు వాళ్ల కూలి కలవకూడదనుకుంటే కృత్రిమ అభ్రకం అని రాసిన పొడి దొరుకుతుంది, అది కార్ఖానాలో తయారవుతుంది.

వెలిగారపు నీళ్లు

వెలిగారాన్నే బజార్లో బోరాక్స్ అంటారు. కంసాలి బంగారం అతుకు పెట్టేటప్పుడు వాడే తెల్లటి పొడి ఇదే. వేడికి లోహం మీద పట్టే మకిలిని కరిగించి, అతుకు పారేలా చేస్తుంది. ఒకప్పుడు టిబెట్, లడఖ్ ఉప్పు మడుగుల నుంచి కొండదారుల్లో దిగివచ్చేది. లడఖ్‌లోని పూగా లోయ దానికి పేరుపడ్డ చోటు. మన దగ్గర పచారీ కొట్లో, మూలికల కొట్లో దొరుకుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకు సూపర్‌మార్కెట్‌లో బట్టల సబ్బుల వరసలో డబ్బాగా కనబడుతుంది.

నీళ్లలో కరిగినప్పుడు వెలిగారం నుంచి బోరేట్ అనే తునకలు విడివడతాయి. ఒక్కో బోరేట్ ఒక గొలుసు కొక్కేన్ని ఒక చేత్తో, పక్క గొలుసు కొక్కేన్ని ఇంకో చేత్తో పట్టుకుని వంతెన కడుతుంది. జారిపోయే జిగురు ముద్దగా మారేది ఈ వంతెనల వల్లే. అరకప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీచెంచా పొడి వేసి, పలుకు మిగలకుండా కరగనివ్వాలి. కరగని పలుకు జిగురులో పడితే దానిచుట్టూ గట్టి ఉండ కడుతుంది.

ఈ నీళ్లు పెద్దవాళ్లే కలపాలి. వెలిగారం కడుపులోకి పోకూడదు, కంట్లో పడకూడదు. ఎక్కువ మోతాదులో అది సంతానోత్పత్తికి హాని చేసే పదార్థమని యూరప్ చట్టం వర్గీకరించింది. వంటింటి గిన్నెలు వద్దనేది అందుకే. పాత ఐస్‌క్రీమ్ డబ్బా, పాత చెంచా పక్కన పెట్టి మార్కర్‌తో గుర్తు వేయండి. చేతి మీద పుండో గీరుకో ఉన్న పిల్లల్ని ఆ రోజుకు చూడ్డానికే కూర్చోబెట్టండి. ఆట కాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

"బోరాక్స్ లేని స్లైమ్" అని చెప్పే పద్ధతుల్లో కాంటాక్ట్ లెన్సులు కడిగే ద్రవం, వంటసోడా వాడతారు. ఆ సీసా వెనక పదార్థాల జాబితా చదివితే బోరిక్ ఆసిడ్, సోడియం బోరేట్ కనబడతాయి. ముద్ద కట్టేది వాటివల్లే. వంటసోడా క్షారగుణం పెంచి బోరిక్ ఆసిడ్‌ను బోరేట్‌గా మారుస్తుంది. అందులో బోరాన్ పాళ్లు తక్కువ కాబట్టి ఆ పద్ధతి మంచిదే, కానీ బోరాన్ లేదనుకోవటం భ్రమ. మందుల షాపులో సెలైన్ అని ఇచ్చేది ఉత్త ఉప్పునీళ్లు, దానితో ఎంత తిప్పినా ఏమీ కాదు.

మూడేళ్ల లోపు పిల్లలకు ఇవేవీ వద్దు, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసది. గిన్నెలో కార్న్‌ఫ్లోర్, సుమారు దానిలో సగం నీళ్లు కలిపి ఇవ్వండి. గుద్దితే గట్టిపడుతుంది, వదిలితే కారుతుంది. అమెరికాలో దీన్ని ఊబ్లెక్ అంటారు. డాక్టర్ స్యూస్ 1949లో రాసిన పిల్లల పుస్తకంలో ఆకాశం నుంచి రాలే ఆకుపచ్చ బంక పేరది.

చెంచా చెంచాగా

వాక్యం మొత్తంలో ప్రాణం ఈ మాటలో ఉంది. చెడిపోయిన స్లైముల్లో ఎక్కువభాగం ఇక్కడే చెడతాయి.

వెలిగారపు నీళ్లు పడగానే ఆ చోట క్షణంలో వంతెనలు కడతాయి. గ్లాసెడు ఒక్కసారి పోస్తే, పడ్డచోట గట్టి ముద్ద, మిగతా చోట పచ్చి జిగురు. తిప్పినా గట్టిపడ్డది మళ్లీ సులువుగా కలవదు. టీచెంచా పోసి, అది పూర్తిగా కలిసేదాకా తిప్పి, తర్వాతే ఇంకోటి పోయాలి. పిల్లలకు ఓపిక ఉండదు.

"అమ్మమ్మా, ఇంకో చెంచా పొయ్యవా?"

"ఆగవే, ముందది కలవనీ."

అమ్మమ్మ మాట ముద్ద మెత్తదనానికే కాదు, పిల్లల చేతులకూ మంచిది. లెక్కవేసి చూడండి. వెలిగారం బరువులో సుమారు 11 శాతం బోరాన్. పావు టీచెంచా పొడి దాదాపు 1 గ్రాము, అంటే అందులో బోరాన్ 110 మిల్లీగ్రాములు. జిగురు, నీళ్లు, వెలిగారపు నీళ్లు అన్నీ కలిస్తే ముద్ద 360 గ్రాములు తూగుతుంది. మొత్తం నీళ్లు పోసేస్తే కిలోకు 300 మిల్లీగ్రాముల పైచిలుకు బోరాన్. యూరప్ బొమ్మల భద్రతా నియమాల్లో జిగటగా ఉండే బొమ్మల నుంచి వెలువడే బోరాన్‌కు హద్దు కిలోకు 300 మిల్లీగ్రాములే. సగం నీళ్లతో ముద్ద అయితే అది 200 లోపే ఉంటుంది. "పావు చెంచా ఏం సరిపోతుంది" అని నిండు చెంచా పొడి వేసి మొత్తం పోస్తే హద్దుకు నాలుగు రెట్లు.

కొన్న స్లైమ్ అయితే నిశ్చింత అనుకోవటానికీ లేదు. 2018లో బ్రిటన్ వినియోగదారుల సంస్థ విచ్? మార్కెట్లోని 11 స్లైమ్ బొమ్మలను పరీక్ష చేయిస్తే 8 ఆ హద్దు దాటాయి. ఇంట్లో చేసుకున్నదాంట్లో ఎంత పడిందో కనీసం మన చెంచాకు తెలుసు.

గిన్నె అంచు విడిచేదాకా

ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పదు, గిన్నె చెబుతుంది. మొదటి చెంచాలకు జిగురులో తీగలు తీగలుగా వస్తాయి. తర్వాత చెంచా వెంట ముద్దొకటి తిరుగుతూ అడుగున పచ్చి నీళ్లు మిగులుతాయి. అప్పుడు చాలామంది కంగారుపడి ఇంకా పోస్తారు. పోయకండి, తిప్పండి. ఆ నీళ్లు ముద్దలోకి ఇంకుతాయి. గిన్నె గోడలకు అంటిన పొర ఊడివచ్చి ముద్దలో కలిసిపోయి, అంచు శుభ్రంగా కనబడగానే ఆపాలి. ముద్ద అప్పటికి ఇంకా కొంచెం అంటుకుంటూనే ఉంటుంది. ఆ మిగిలిన జిడ్డు చేతుల పని.

చేతుల్లోకి తీసుకుని పిసికి

పిసికేకొద్దీ వంతెనలు ముద్దంతా సమానంగా పరుచుకుంటాయి. మొదటి నిమిషం వేళ్లకు అంటుతుంది, తర్వాత వదులుతుంది. వదలకపోతే వేళ్ల కొసలకు వెలిగారపు నీళ్లు తడి చేసుకోండి, అంతే చాలు.

ఇప్పుడు మెల్లగా లాగితే మూరెడు సాగుతుంది. గభాలున లాగితే పుటుక్కున తెగుతుంది. బోరేట్ కట్టే వంతెనలు శాశ్వతం కావు, క్షణక్షణం విడిపోయి మళ్లీ కడుతుంటాయి. జతలు మారే కోలాటం చూశారు కదా. తాళం నింపాదిగా ఉన్నంతసేపూ ఒక జత వదిలి ఇంకో జతను అందుకుంటూ వలయం ఎంతైనా సాగుతుంది. డప్పు ఒక్కసారి వేగం పెంచితే కొత్త జత అందక వలయం తెగుతుంది. స్లైమ్‌లోనూ అంతే. మెల్లగా లాగితే ఊడిన వంతెన ఇంకోచోట కట్టుకునే వ్యవధి ఉంటుంది, గభాలున లాగితే ఉండదు.

న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో ద్రవాల జిగట గురించి ఒక సరళమైన లెక్క చెప్పాడు. నీళ్లు ఆ లెక్కకు లొంగుతాయి, ఎంత వేగంగా కలిపినా వాటి జిగట మారదు. స్లైమ్ లొంగదు, అందుకే దాన్ని నాన్-న్యూటోనియన్ ద్రవం అంటారు. అది ఘనమా ద్రవమా అనేది మనం ఇచ్చే వ్యవధిని బట్టి ఉంటుంది. 1964లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త ఈ పోలికకు ఒక సంఖ్య ఇచ్చి, బైబిల్లోని దెబోరా పేరు పెట్టాడు. కొండలు ప్రవహించాయని పాడింది ఆమే. తగినంత కాలం చూస్తే కొండ కూడా ద్రవమేనని ఆయన భావం. అంతసేపు ఆగలేని పిల్లలకు స్లైమ్‌ను బల్ల అంచున వేలాడేసి చూపించండి, అది తనంతట తాను కిందికి కారుతుంది.

మూత పెట్టి దాచుకోవాలి

స్లైమ్‌లో సగానికి పైగా నీళ్లే. గాలి తగిలితే ఎండి అట్టకడుతుంది. గాలి చొరని డబ్బాలో ఒకటి రెండు వారాలు ఉంటుంది. పిల్లల చేతుల మురికి దాంట్లో చేరుతుంది కాబట్టి వాసన వచ్చినా బూజు చుక్క కనబడినా బుట్టలో పారేయండి, సింకులో కాదు. ఊరగాయ జాడీలో, ఫ్రిజ్‌లో పెట్టకండి, జెల్లీ అనుకుని తినేవాళ్లుంటారు. డబ్బా మీద పేరూ తేదీ రాయించండి. ఆ పని పిల్లలకే ఇస్తే సంతోషంగా చేస్తారు.

చొక్కాకో తివాచీకో అంటుకుంటే వెనిగర్ పోసి కాసేపు ఆగి రుద్దండి, నిమ్మరసమూ పనిచేస్తుంది. పులుపు తగలగానే బోరేట్ మళ్లీ బోరిక్ ఆసిడ్‌గా మారి కొక్కేలను వదిలేస్తుంది, ముద్ద జారుడు జిగురవుతుంది. పారేయబోయే స్లైమ్ ముక్క మీద నాలుగు చుక్కలు పిండి ఈ మార్పు చూపించవచ్చు. తర్వాత చిటికెడు వంటసోడా వేస్తే మళ్లీ బిగుసుకుంటుంది.

తాత్పర్యం

మంచి స్లైమ్ అంటే ముద్ద కట్టటానికి సరిపడినన్ని వంతెనలే, అంతకు మించి ఒక్కటీ వద్దు. మెత్తదనానికీ క్షేమానికీ ఒకే కొలత. ఈ మాట పిల్లలు వింటే నమ్మరు, కాబట్టి జిగురు రెండు గిన్నెల్లో పోయించండి. ఒకదాంట్లో అంచు విడవగానే ఆపించండి. రెండోదాంట్లో ఇంకో నాలుగు చెంచాలు వాళ్ల ఇష్టానికే పోయనివ్వండి. తర్వాత రెండింటినీ సాగదీసి, ఏది ఎక్కువ పొడుగు వచ్చిందో స్కేలుతో కొలిచి, ఈసారి ఎన్ని చెంచాలు పోయాలో వాళ్లనే చెప్పమనండి.